మనోళ్ళెవరూ లేరంట

ఎక్కి ఉండదు. తబిత ఆ ట్రాక్టర్ ఎక్కి ఉండదు. చిన్నప్పుడు బొగ్గుబావి కాలనీలో రంగులరాట్నం ఎక్కమంటేనే నాన్న కాలు పట్టుకుని ఏడ్చిన పిల్ల, పొంగే వాగు మీద ట్రాక్టర్ ఎందుకెక్కుతుంది, అనుకుంది సంపూర్ణ. అనుకున్న మరుక్షణమే, ఎక్కుతుంది, డ్యూటీ అంటే దానికి ఒళ్ళు తెలియదు, అని కూడా అనుకుంది. బస్సు చప్టాకు ఇవతల ఆగి చాలాసేపయింది. మిగతా రోజుల్లో ఆ చప్టా మీద నీళ్ళు చక్రాలను కూడా సరిగ్గా తడపవు. ఇవాళ అది ఎక్కడుందో డ్రైవర్‌కే తెలియడం లేదు. రోడ్డు ఎర్రటి నీళ్ళలోకి దిగిపోయి, ఎక్కడో అవతల టేకుచెట్ల దగ్గర మళ్ళీ పైకి లేస్తోంది. మధ్యలోదంతా వాగు మింగేసింది. ఇందాక అడ్డదారిన బండి మీద వచ్చినవాడు హెల్మెట్ కూడా తీయకుండా డ్రైవర్ కిటికీ దగ్గర ఆగి, "పై చప్టా కాడ ట్రాక్టర్ కొట్టుకపోయింది. నాట్లకు పోయే కూలోళ్ళున్నరు అందుల. టీకాల నర్సమ్మ గూడ ఎక్కిందంటున్నరు," అని చెప్పి, చెప్పినంత తేలిగ్గా బండి తిప్పుకుని పోయాడు. ఆ చుట్టుపక్కల అడవిలోని గూడేలకూ గుంపులకూ అన్నిటికీ టీకాల నర్సమ్మ ఒక్కతే. ఆ ఒక్కతీ సంపూర్ణకు చెల్లెలు.

ఫోన్ చేస్తే, మీరు ప్రయత్నిస్తున్న నంబరు ప్రస్తుతం అందుబాటులో లేదు. మళ్ళీ చేస్తే మళ్ళీ అదే. ఆ ఆడగొంతుకి ఎంత మర్యాదో! ఎవరు మునిగినా ఎవరు తేలినా దానికి ఒకటే మర్యాద. వెనక సీట్లో ఎవరో, "కండక్టరూ, ఇగ మనం ఎప్పుడు పోతం? చర్లల పనున్నది నాకు," అన్నాడు. పనట, పని! అక్కడ మనుషులు నీళ్ళల్లో పడ్డారని ఇప్పుడే గదా విన్నాడు, చెవుల్లో ఏం పెట్టుకున్నాడు? తలుపు దగ్గర ఒక ముసలాయన కడ్డీ పట్టుకుని వాగు వైపు చూస్తూ నిలబడ్డాడు. వానజల్లంతా ఆయన పక్కనుంచి లోపలికి కొడుతోంది. "తాతా, లోపలికన్న రా, కిందికన్న దిగు," అని కండక్టర్ కసిరితే ఆయన రానూ లేదు, దిగనూ లేదు. పక్క సీటామె సంచీ మోకాలికి గుచ్చుకుంటోంది. సంతనుంచి వస్తున్నట్టుంది, సంచీ మీద మక్కకంకులు. కొంచెం అటు జరుపుకోవచ్చు గదా అని విసుక్కుని, విసుక్కున్నది కూడా మరిచిపోయి, సంపూర్ణ మళ్ళీ నంబరు నొక్కింది. చేతిలో ఆడవాళ్ళకు ఊరికే ఇచ్చే జీరో టికెట్ ఎప్పుడో నలిగి ఉండయిపోయింది. ఒళ్ళో కోడిపచ్చడి సీసా. తబితకు గోంగూర వేసి పెట్టిన కోడిపచ్చడంటే ప్రాణం. ప్రాణం. ఈ మాట ఇప్పుడే గుర్తు రావాలా?

పోయిన నెల వచ్చినప్పుడు తనే తిట్టింది గదా. ఎవరి కోసం చస్తున్నావే ఆ అడవిలో, ఖమ్మంలో ప్రైవేటు దవాఖానాల్లో ఉద్యోగాలే లేవా, మా ఖానాపురం హవేలిలోనే వీధికొకటి లేచింది, అంది. తబిత నవ్వి, "వాళ్ళు నా కోసం ఎదురుచూస్తరక్కా," అంది. వాళ్ళు! వాళ్ళెవరో సంపూర్ణకు ఒక్కరి ముఖమూ తెలియదు. ఎదురుచూస్తే చూస్తారు, ఒక రోజు టీకా ఆలస్యమైతే కొంపలు మునుగుతాయా? మునగడం. అబ్బ, ఇవాళ ఏ మాట తలుచుకున్నా నీళ్ళలోకే దిగుతోంది. ప్రభువా, తబిత అందులో లేకుండా చూడు. కళ్ళు గట్టిగా మూసుకుని, పెదవులు కదలకుండా, ఆ ఒక్క ముక్కే మళ్ళీ మళ్ళీ. తబిత లేకుండా చూడు. కానీ ట్రాక్టర్ ఇంకా బయల్దేరలేదా ఏమిటి, దేవుడు ఇప్పుడు ఎవరినో దింపి ఎవరినో ఎక్కించడానికి? అది పోయింది. ఎక్కినవాళ్ళు ఎక్కారు. ఇప్పుడు తబిత వద్దంటే, ఆ చోటులో ఇంకొకరు ఉన్నా ఫరవాలేదన్నట్టే. ఆ రెండో సగం తను అనలేదు, కానీ దేవుడికి వినిపించే ఉంటుంది. వింటే విననీ. ఆయనకూ తెలుసు, సంపూర్ణకున్న చెల్లెలు ఒక్కతేనని.

ఎక్కడో కొండచరియలు విరిగిపడి ఊళ్ళకు ఊళ్ళే కూరుకుపోయాయని పోయిన ఏడాది గుళ్ళో ప్రత్యేక ప్రార్థన పెట్టారు. అందరూ మోకాళ్ళ మీద. పాస్టరుగారు బాధితుల కోసం గొంతు పగిలేలా మొరపెడుతుంటే సంపూర్ణ తల వంచుకుని గ్యాస్ బుక్ చేశానా లేదా అని ఆలోచించింది. అబద్ధమెందుకు, గ్యాసే. పక్కన రోజారాణి ముసుగులోనే ఆవులించింది. తర్వాత పాస్టరుగారు గొంతు తగ్గించి, మన సంఘంలోని ఒక అక్క కొడుకు అక్కడే హోటల్లో పనిచేస్తున్నాడు, రెండు రోజుల నుంచి ఫోన్ లేదు, అన్నారు. అంతే! ఆవులించిన రోజారాణే ఘొల్లుమంది. సంపూర్ణకూ కళ్ళల్లో నీళ్ళు ధారలు కట్టాయి. దొంగ ఏడుపు కాదు, నిజం ఏడుపే. ఆ కొడుకు ఎలా ఉంటాడో కూడా ఆమెకు తెలియదు, వాళ్ళమ్మ కట్టుకునే నీలం అంచు చీర తెలుసు. ఆ చీర తెలిసినందుకు ఏడుపొచ్చింది. తర్వాతి ఆదివారం అతను దొరికాడని సాక్ష్యం చెబితే గుడంతా చప్పట్లు. కూరుకుపోయిన ఊళ్ళ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మున్నేరు పొంగినప్పుడూ అంతే గదా. టీవీలో నీళ్ళను చూస్తూ, మన ఇల్లు మెరక మీద కట్టించుకున్నాం, నయమైంది అని టీ తాగారు. మునిగిన ఇంట్లో రోజారాణి బీరువాలోంచి బురద తీసి పడేస్తుంటే చూశాక గానీ ఆ టీ చేదుగా అనిపించలేదు. తన దాకా వస్తే గానీ తెలియదంటారు. వచ్చాక మాత్రం ఏం తెలుస్తుంది? తనది మాత్రమే తెలుస్తుంది.

ఈ బుద్ధి ఎక్కడిదో సంపూర్ణకు తెలుసు. చేపలకూర వాసన. నాన్న యేసుదానం బొగ్గుబావిలో దిగేవాడు. వేళకాని వేళ సైరన్ మోగితే కాలనీలో ఆడవాళ్ళంతా పొయ్యిమీది గిన్నెలు పొయ్యిమీదే వదిలి గేటు దగ్గరకు ఉరికేవాళ్ళు. లోపల కప్పు కూలిందని చెప్పేవాళ్ళు, ఎవరి మీదన్నది చెప్పేవాళ్ళు కాదు. ఆరోజు అమ్మ ఒక చేత్తో సంపూర్ణను, ఇంకో చేత్తో చంకలోని తబితను పట్టుకుని, వచ్చిన ప్రతి టోపీవాడినీ, "మనోళ్ళా? మనోళ్ళా?" అని అడిగింది. వేరే మాట రాలేదు ఆమెకు. చివరికి నాన్న నల్లటి ముఖంతో, తెల్లటి పళ్ళతో బయటికొచ్చాడు. పోయినతను రెండిళ్ళ అవతలివాడు. నాన్నకు చేపలిష్టమని అమ్మ ఆ సాయంత్రం చేపలు తెప్పించింది. చింతపులుసు పోసి, మెంతిపొడి వేసి, తర్వాత ఇంట్లో కిటికీలన్నీ మూసేసింది, తలుపు కింది సందులో గోనెసంచీ కూడా కుక్కింది. ఎందుకమ్మా ఉక్కపోస్తోంది అంటే, "వాసన పోతది బిడ్డా, వాళ్ళింటికి," అంది. అవతల గోడలు దాటి ఏడుపు వస్తోంది. ఇవతల అమ్మ ముఖంలో ఎంత ఆపుకున్నా ఆగని సంతోషం. సంపూర్ణ రెండుసార్లు వడ్డించుకుని తిన్నది. అంత రుచైన కూర అమ్మ మళ్ళీ ఎప్పుడూ వండలేదు.

ఫోన్! ఒళ్ళోంచి జారి, సీసాకు కొట్టుకుని, పక్కామె సంచీ మీద పడి మోగుతోంది. తబిత. దేవా, తబిత అని పేరు వస్తోంది, కానీ ఆ ఫోన్ పట్టుకున్నది ఎవరో, ఒడ్డున దొరికిన ఫోన్‌తో ఎవరైనా...

"అక్కా! నేను ఎక్కలే ట్రాక్టర్. ఇనబడ్తుందా? టీకాల డబ్బా లేటొచ్చింది, అందుకే ఆగిన. ఇగ ఇప్పుడు ఒడ్డు మీదున్న."

"తబితా, తబితా, నువ్వేనా? ఏం కాలేదు గదా నీకు?"

"నాకేం గాలె. మా స్టాఫ్ ఎవరూ లేరు అందుల. కూలోళ్ళే. కొందరిని తీసిండ్రు, ఇంకా..." అంతవరకే వినిపించింది. లైన్ తెగిపోయింది.

చాలు. ఆ మాత్రం చాలు. ముక్కు చీదింది, నవ్వింది, సీసాను గుండెకు అదుముకుంది. వాన ఎంత బాగా పడుతోంది! టేకాకుల మీద ఎంత చప్పుడు! ఆకలి. ఉన్నట్టుండి రాకాసి ఆకలి. పొద్దున ఖమ్మంలో తాగిన టీ తప్ప కడుపులో ఏమీ లేదని ఇప్పుడు గుర్తొచ్చింది. సిగ్నల్ ఉండగానే భర్త జస్టిన్‌కు చేసింది, ఇందాక సంగతి చెప్పినప్పటినుంచీ ఆయన అక్కడ ఆఫీసులో కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ ఉంటాడు. "ఏమండీ, తబిత మాట్లాడింది. అది ఎక్కలేదు. అవ్, మనోళ్ళెవరూ లేరంట అందుల. స్తోత్రం, దేవునికి స్తోత్రం!" గట్టిగానే అంది. బస్సు సగం వినేంత గట్టిగా.

అప్పుడు పక్కామె ముఖం కనిపించింది. ఇంతసేపూ ఆమెకు సంచీయే తప్ప ముఖం లేదు. నుదుటి మీద పచ్చబొట్టు, చెవులకు వరసగా పోగులు, తన వయసే ఉంటుంది. కొంగు చివర వేలికి ఎంత గట్టిగా చుట్టుకుందో ఏమో, ఇప్పుడు విప్పుతుంటే వేలు తెల్లగా పాలిపోయి ఉంది. ఆమె సంపూర్ణను చూసి నవ్వింది. సంచీలోంచి ఉడకబెట్టిన కంకి తీసి మధ్యకు విరిచి, పెద్దముక్క సంపూర్ణ చేతిలో పెట్టింది. "తినమ్మా. బస్సాగిన కాడ్నుంచి నీళ్ళు గూడ తాగలేదు నువ్వు. నేను చూస్తనే ఉన్న." సంపూర్ణ ఒక్క కొరుకు కొరికింది. తియ్యగా ఉంది. "మంచి మాట చెప్పినవ్," అంది ఆమె తన ముక్క ఒలుచుకుంటూ. "నా పానం లేచొచ్చింది. మా సారక్క ఆ ట్రాక్టర్ల నాట్లకు పోతనన్నది పొద్దుగాల. నా ఫోనేమో తడిసి పలుకుతలేదు. అడుగుదామంటే నువ్వు ఏడుస్తున్నవ్, ఎట్ల అడుగుత? ఇగ మనోళ్ళెవరూ లేరన్నవ్, సాలు."

నోట్లో గింజలు నమలడం ఆగిపోయింది. మనోళ్ళు. గ్రానైటు పనికొచ్చిన ఒరిస్సావాళ్ళ పిల్ల ఒకతి బడిలో సంపూర్ణ పాఠాలు చెప్పే క్లాసులో ఉంది. టీచర్, మన అమ్మకు జ్వరం, అంటుంది. మన కాదే పిల్లా, మా అనాలి, మన అంటే నువ్వూ నేనూ ఇద్దరమూ, మా అంటే నేను లేకుండా మీ వాళ్ళే, అని రెండో తరగతి మొత్తానికి బోర్డు మీద రాసి మరీ చెప్పింది. ఆ పిల్లకు చెప్పిన నోటితోనే, ఇప్పుడు బస్సులో పక్కమనిషి వింటుండగా, మనోళ్ళు అంది. ఖానాపురం హవేలిలో ఒక డాబా ఇంటికీ, ఒక ఆఫీసు కుర్చీకీ, ఒక నర్సమ్మకూ సరిపోయే మన అది. ఈమె దాన్ని లాగి, తనను కూడా అందులో కూర్చోబెట్టుకుంది. తప్పేముంది? మన అన్న తర్వాత ఎవరైనా కూర్చుంటారు. చెప్పాలి. చెప్పడమంటే ఏమని? అక్కా, నేనన్న మనోళ్ళలో మీరు లేరు అనా? పోనీ చెప్పకుండా ఊరుకుంటే? సారక్క బతికే ఉండొచ్చు. ఉండకపోతే? ఒడ్డుకు పోయేదాకా ఈమె కంకి తింటూ నవ్వుతూ కూర్చుంటుంది. ఆ నవ్వు తనిచ్చింది. అడిగి ఇచ్చింది కాదు, తెలిసి ఇచ్చింది కాదు. అమ్మ కిటికీలన్నా మూసింది.

"మీ పేరేందక్కా?" అంది. "ముత్యాలు," అంది ఆమె. "రాళ్ళగుంపు మాది. ముత్యాలు బిడ్డంటే ఎవరైనా చెప్తరు." సంపూర్ణ పచ్చడి సీసా సీటు మీద పెట్టి లేచింది. ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కటీ లేవు. తలుపు దగ్గరి ముసలాయన కదలడం లేదు. "జరుగు తాతా," అని భుజంతో నెట్టుకునే కిందికి దిగింది. చెప్పుల్లోకి బురద, జుట్టు మీద వాన. రోడ్డు పక్కన కంకర కుప్ప కనిపిస్తే దానిమీదికెక్కి చెయ్యి పైకెత్తి నిలబడింది. ఒక గీత వచ్చింది, పోయింది, వచ్చింది. రింగవుతోంది. ఎత్తు తల్లీ, ఎత్తు.

"ఏందక్కా, బాగున్ననని చెప్పిన గదా. ఈడ చలికి వణుకుతున్నోళ్ళని చూస్తున్న నేను."

"సారక్క అని, రాళ్ళగుంపు. ముత్యాలు బిడ్డ. ఉన్నదా చూడవే."

"సారక్కా? ఎవరక్కా, మనోళ్ళా?"

వాన ఫోన్ మీద పడుతోంది. "అవ్," అంది సంపూర్ణ. "మనోళ్ళే. జల్దీ చూడు."

అవతల తబిత కేకేస్తోంది, సారక్కా, ముత్యాలు బిడ్డెవరు, అని. దానికి ఎవరో తమ భాషలో ఏదో అంటున్నారు, వాగు హోరు మాటల మీదుగా పోతోంది. సంపూర్ణ తన భయాన్ని తనే తడిమి చూసుకుంది. ఇందాకటి భయమేనా ఇది? కాదు. ఇందాక లోకమంతా ఒక్క పేరైపోయింది, ఇప్పుడు చీర కుచ్చిళ్ళకు బురదైందని కూడా తెలుస్తోంది. సిగ్గేసింది. అయినా ఇది భయం కాకుండా పోలేదు. నోట్లో ఇంకా మక్కగింజ తియ్యదనం, ఆ తీపి మింగుడు పడడం లేదు. ఒక్క కంకిముక్కకు ఇంత. ఆ ముక్క ఇవ్వకపోయి ఉంటే ఈపాటికి తను సీటుకు తల ఆనించి నిద్రపోయి ఉండేది. నిజం అదే.

"అక్కా, ఉన్నది! చెట్టుకొమ్మ దొరకబట్టుకున్నదంట, ఒడ్డుకు తెచ్చిండ్రు. నా షాల్ కప్పిన ఆమెకే. ఇంకా ఇద్దరు దొరకలే అక్కా, వాళ్ళ కోసం తాళ్ళు..." మళ్ళీ తెగింది.

స్తోత్రం అని నోటిదాకా వచ్చింది. ఇద్దరు అన్న మాట అడ్డుపడి ఆగింది. మెట్లెక్కి, తడి చీరతోనే ముత్యాలు ముందుకెళ్ళి, ఆమె రెండు చేతులూ పట్టుకుని, "సారక్క బాగున్నది. మా చెల్లె కళ్ళారా చూసి చెప్పింది," అంది. తనకు ఏడుపొస్తోంది. ముత్యాలు వింతగా చూసింది. "బాగున్నదని ముందే చెప్పితివి గదమ్మా," అంది. "దానికి వానల తడుసుకుంట పోయినవా మల్ల? పిచ్చితల్లి." కొంగుతో సంపూర్ణ తల తుడిచింది. ఇంత సంబరాన్ని ఒంటరిగా మోయలేక, మెడ సాచి తలుపు వైపు కేకేసింది. "ఓ తాతా! ఇంకెంతసేపు నిలబడ్తవ్? కూసో. మనోళ్ళందరు బాగున్నరంట. ఈమె చెల్లె చెప్పింది."

ముసలాయన వెనక్కి తిరిగాడు. కడ్డీ వదిలాడు. బస్సు ఆగినప్పటినుంచీ నిలబడి ఉన్న మనిషి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా మెట్టుమీద కూలబడ్డాడు. రెండు చేతులూ జోడించి సంపూర్ణ వైపు చూపించాడు, దేవుడికి చూపించినట్టు. తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. వెనకాల ఎవరో, హమ్మయ్య, ఇగ బస్సు తియ్యమనుండ్రి, అన్నారు.

సంపూర్ణ ఆయన దగ్గరికెళ్ళింది. ఇందాక భుజంతో నెట్టుకుపోయిన మనిషి పక్కనే, తడిసిన మెట్టుమీద కూర్చుంది. ఫోన్ పైటతో తుడిచింది. ఒక గీత ఉంది.

"తాతా," అంది, "మనోళ్ళు కాదు, నీవోళ్ళు. నీవోళ్ళెవరన్నా ఎక్కిండ్రా ట్రాక్టర్? పేరు చెప్పు, అడుగుత."

ముసలాయనకు ఆ తేడా అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. జోడించిన చేతులు విడిపోయాయి.

"ఇద్దరమ్మా," అన్నాడు. "ముందుగాల ఎవరి పేరు చెప్పాలె?"